అమాసనాటి ప్లగ్గులు

సోమవారం వనపర్తి దవాఖాన నుంచి గద్వాలకు తిరిగొస్తున్నం. బీచుపల్లి బ్రిడ్జి ఎక్కంగనే, ఎన్కనుంచి ఎవరో పట్టి గుంజినట్టు కారు ఆగి, మల్ల ముంగటికి ఎగిరింది. నేనే తోలుతున్న. పక్కన మా ఆయన సీటు ఎన్కకు వంచుకొని కండ్లు మూసుకొని ఉన్నడు. డయాలసిస్ అయినంక ఆయన గట్లనే ఉంటడు, పిండి ఆరేసిన బట్టలెక్క. కండ్లు తెరవకుండనే "మిస్సింగ్ కొడ్తుంది" అన్నడు.

మిస్సింగంటే ఏందో నాకు అప్పటికి తెల్వదు. మా కారు ఇంజన్ల మూడు ప్లగ్గులుంటయంట, మూడింటి కాడ నిప్పు రవ్వ ఒకదాని ఎన్క ఒకటి పడాలెనంట. ఏదన్న ఒకటి పడకుంటే బండి గిట్ల ఎగుసుకుంట పోతదంట. ఆయన చెప్తనే ఉన్నడు, అది ఎగురుతనే ఉంది. కింద కృష్ణ, ఎన్క లారీవాడు హారన్ మీద హారన్. నేను స్టీరింగును రెండు చేతుల గట్టిగ పట్టుకున్న. "ఇంటిదాక తీసుకపోతది తియ్, ఫికర్ చెయ్యకు" అన్నడు. ఫికర్ చెయ్యకుమని చెప్పుడు ఆయనకు అలవాటు. చేసుడు నాకు అలవాటు.

నా ఫికరంతా బుధవారం గురించి. బుధవారం పొద్దుగాల మల్ల వనపర్తికి పోవాలె. మాకు నెంబరు దొరికింది ఆడనే, వారానికి మూడు సార్లు. టైం దాటితే ఆ మిషన్ మీదికి ఇంకొకరొస్తరు. పోయిన వానకాలం వాగు పొంగి ఒక్క సారి పోలేకపోయినం. ఒక్క సారే. మర్నాటికి కాళ్లు కుండల్లెక్క ఉబ్బినయ్, ఇగ పండుకుంటె ఊపిరాడదు. గోడకు ఒరిగి కూసొని, నోరు తెరిచి, ఒక్కొక్క ఊపిరి గుంజుకుంట నా దిక్కు చూసిండు. లోపల నీళ్లు చేరినయ్, ఇగ నీళ్లు, ఛాయ్ గూడ కొలిచే తాగాలె అని తర్వాత డాక్టరు చెప్పిండు. ఆ చూపు నేను ఇంకొక్కసారి చూడలేను. నాకు చాతగాదు.

బస్సుల పోవచ్చు కదా అంటరు తెలిసినోళ్లు. ఒకసారి బస్సుల వచ్చినం, పెబ్బేరు బస్టాండుల బీపీ పడిపోయి మనిషి కింద కూలిండు. ఎవరో ఇంత సోడా తెచ్చి ముఖం మీద కొట్టిన్రు. ఆ సంగతి ఇని అమరచింతల ఉండే మా తమ్ముడు తన పాత కారు తెచ్చి మా వాకిట్ల పెట్టి, "అక్కా, నేర్చుకో" అన్నడు. జూరాల కాల్వ కట్ట మీద వాడే నేర్పిచ్చిండు. మా చేనేత వాడకట్టుల ఆడది కారు తోలుడు మొదలుపెట్టినంక కొన్నాళ్లు జనం మగ్గాలు దిగి మరీ చూసిన్రు. "ఏం వదినా, గుంతల మగ్గం మీద తొక్కినట్టు తొక్కుతున్నవా ఏంది" అని మా ఎదురింటాయన నవ్వె. నవ్వనీ. ఇప్పుడు వాళ్ల ఇంట్ల ఎవరికి జరమొచ్చినా నా దగ్గరికే వస్తరు.

ఇంటికొచ్చినంక మెకానిక్ తమ్మికి ఫోన్ చేసిన. ఇంకెవరి చేతికి ఆ కారు ఇయ్యలే నేను. "ప్లగ్గులే అక్కా, మార్చుకోవాలె" అన్నడు. పొద్దుగాల తెస్తనంటే "రేపు అమాస గదక్కా" అన్నడు.

గంతే. మంగళవారం అమాస. మా దిక్కు అమాస అంటే పని చేసేటోళ్లందరికీ సెలవు. మగ్గం మీద చెయ్యి పెట్టరు, మేస్త్రి తాపీ పట్టడు, వెల్డింగోడు షెడ్డు తెరవడు. మా ఇంట్లనే తాతల కాలం నుంచి అమాసనాడు మగ్గం మీద నాడె పట్టింది లేదు, ఇగ మెకానిక్ తమ్మిని ఏమని తప్పుపడ్త. బుధవారం పది గంటలకు షాపు తీస్తనన్నడు. బుధవారం పది గంటలకు మా ఆయన మిషన్ మీద ఉండాలె. కిరాయి కార్లకు ఫోన్లు చేసిన. అమాసకు జనాన్ని దేవుళ్లకు ఎక్కిచ్చుకపోయినయ్ అన్నీ, ఏ యాళకు తిరిగొస్తయో వాళ్లకే తెల్వదు. తమ్ముడు కొత్త కారు తీసుకొని అత్తగారి దిక్కు అచ్చంపేటకు పోయి కూసున్నడు. ఏ తొవ్వ చూసినా మూసుకపోయి ఉంది.

మంగళవారం పొద్దున మా ఆయన మంచంల లేసి కూసొని, "ప్లగ్గులు మార్చుడు ఏమన్న పెద్ద పనా, నేను చేస్త" అన్నడు. పెండ్లికి ముందు కొన్నేండ్లు ఆయన మగ్గం ఇడిసిపెట్టి కర్నూలు జీపు నడిపిండు. ఇంజన్ సప్పుడు ఇంటే ఏం రోగమో చెప్తడని అప్పట్ల పేరు. కానీ ఇప్పుడు ఆ ఎడమ చేతికి డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన్రు. ఆ చేత్తోటి బరువు ఎత్తొద్దు, గట్టిగ తిప్పొద్దు. దాని మీద అరచెయ్యి పెడితే లోపల జుమ్ముమని కొట్టుకుంటది. పొద్దున లేసి నేను మొదలు చేసే పని అది కొట్టుకుంటున్నదా లేదా చూసుడు. ఆ చెయ్యి పోతే ఇంకేం లేదు. "చెయ్యి పెట్టినవంటే చూడు. నువ్వు చెప్పు, నేను చేస్త" అన్న.

"నువ్వా?" అన్నడు.

"ఏం, తెగిన పోగులు అతికే చేతులు ఒక మూడు ప్లగ్గులు తిప్పలేవా?"

నోటికైతే అన్న గని, అప్పటిదాక ప్లగ్గు ముఖం గూడ చూడలే నేను.

స్పేర్ పార్టుల దుకాణపాయనకు అమాస పట్టింపు లేదు, దొరికిండు. కొత్త ప్లగ్గులు, ప్లగ్ పానా తెచ్చుకున్న. వాకిట్ల ఏపచెట్టు నీడల కారు పెట్టి బానెట్ లేపిన. మా ఆయన పక్కన నులక మంచమేసుకొని కూసున్నడు. మా అత్త గడప మీద కూసొని అప్పటికే సనుగుడు మొదలుపెట్టింది. "అమాస పూట ఇనుము ముట్టుకుంటరా ఎవరన్న. అదీ మంగళారం. ఏం కాలమొచ్చింది." డెబ్బై దాటింది ఆమెకు, కండ్లు సరిగ కనిపియ్యవు, నోరు మాత్రం మంచిగనే నడుస్తది. నేను ఇననట్టే ఉన్న.

"ఇంజన్ సల్లగుందా, చెయ్యి పెట్టి చూడు" అన్నడు ఆయన. సల్లగనే ఉంది. "మూడు వైర్లున్నయ్ చూడు, ఒకదాని జాగల ఇంకొకటి పెట్టినవంటే బండి స్టార్ట్ కాదు. గుర్తు పెట్టుకో." దానికి నాకు ఒకరు చెప్పాల్నా. ఇంట్లకు పోయి పట్టు పోగులు తెచ్చి ఒకదానికి ఎర్రది, ఒకదానికి ఆకుపచ్చది, ఒకదానికి నల్లది ముడేసిన. ఆయన నవ్విండు. చాన రోజులైంది ఆయన నవ్వి. నాకు జర ధైర్యమొచ్చింది.

ప్లగ్గు ఇప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి ఊదెయ్యాలెనంట. ప్లగ్గు తీస్తే ఆడ బొక్క పడ్తది, ఆ బొక్క సక్కగ ఇంజన్ కడుపులకు పోతది, ఒక్క రాయి ముక్క లోపల పడ్డా ఇంజన్ ఖరాబే. సైకిల్ పంపుతోటి గాలి కొట్టి, గుడ్డతోటి తుడిచి, మల్ల గాలి కొట్టి శుభ్రం చేసిన. మా అత్త పూజ గది గూడ గంత శుభ్రంగ ఉండదు. పానా పెట్టి తిప్పితే మొదటి ప్లగ్గు కదలదు. రెండు చేతులేసి, పండ్లు బిగబట్టి తిప్పితే టక్కుమని ఇడిసింది. ఏదో ఇరిగిందనుకున్న. "ఏం కాలే, గట్లనే ఇడుస్తది" అన్నడు. బయటికి తీస్తే కాటుక పెట్టినట్టు నల్లగ ఉంది. రెండోది గూడ తీసిన. అది తడిగ, నూనె జిడ్డుగ ఉంది. "ఇదే దొంగది. నిన్న బ్రిడ్జి మీద ఎగిరిచ్చింది ఇదే" అన్నడు. మూడోది గూడ వచ్చింది. మూడు బొక్కలు తెరుచుకొని ఉన్నయ్. నేను లోపల ఏమన్న పడ్తదేమోనని వాటి మీదికి వంగి, ఊపిరి గూడ పక్కకు తిప్పి పీలుస్తున్న.

గప్పుడు, నా నెత్తి మీద చిటచిటమని ఏదో పడ్డది.

లేసి చూస్తే ఎన్క మా అత్త. ఒక చేతుల పల్లెం, పల్లెంల కుంకుమ, పొగ లేస్తున్న అగరబత్తి. ఇంకొక చెయ్యి గాలిల ఉంది, ఖాళీగ. నా జుట్టుల నుంచి, భుజం మీద నుంచి పసుపు బియ్యం జారి ఇంజన్ మీద టపటప పడుతున్నయ్.

అక్షింతలు. తెరిచిన ఇంజన్ మీద అక్షింతలు.

ముందు మా ఆయనే తేరుకున్నడు. "అమ్మా, ఆ అగరబత్తి ఆర్పు ముందు, పెట్రోలు ఉంది ఈడ" అని అరిచిండు. ఆమె భయపడి పల్లెం పట్టుకొని నాలుగడుగులు ఎన్కకు పోయింది. నేను బొక్కల దిక్కు చూస్తున్న. ఒకదాని అంచు మీద ఒక గింజ ఉంది. పచ్చగ, నిండుగ, పడనా వద్దా అన్నట్టు ఉంది. వేలు పెడితే లోపలికి పోతదేమోనని భయం. నాలిక మీద వేలు తడి చేసుకొని మెల్లగ అద్ది తీసిన. మరి దాని పక్కది? ఇంకోటి పడ్డదా లోపల? పడలేదా? ఎవరు చూసిన్రు?

ఇగ ఆగలే నేను. ఆమె నా మీద అక్షింతలు ఏసింది చేత్తోటి, నేను ఆమె మీద ఏసిన నోటితోటి. "నీకు పూజ చేయనీకి ఇంకే జాగ దొరకలేదా అత్తా? రేపు నీ కొడుకును నెత్తి మీద ఎత్తుకొని పోవాల్నా నేను వనపర్తికి? కండ్లు కనిపియ్యకుంటే ఒక మూలకు కూసోరాదూ?" వాడకట్టంతా ఇనపడ్డది. అమాస సెలవు గదా, అందరూ ఇండ్లల్లనే ఉన్నరు.

మా అత్త గడప కాడికి పోయి కూసొని, కొంగుతోటి పల్లెం తుడుచుకుంట కూసున్నది. జర సేపటికి చిన్నగ అన్నది. "నేను బండి మీద ఎయ్యలే పిల్లా. నీ నెత్తి మీదనే ఏసిన. అమాసనాడు ఇనుము ముట్టినవ్. నీకేమన్న అయితే నా కొడుకును ఎవరు తోలుకపోతరు?"

ఆమె నా గురించి భయపడ్డదా, కొడుకు గురించి భయపడ్డదా అంటే రెండూ ఒకటే ఆమెకు. నాకు కోపం తగ్గలే, ఏడుపొచ్చింది. ఏడ్చే టైం లేదు.

ఫోన్ లైటు ఏసి ఒక్కొక్క బొక్కల చూసిన. లోపల నల్లగ, అడుగున ఏదో మెరుస్తుంది. గింజ ఉందా లేదా కనబడదు. "ఏం చేద్దాం?" అన్న. మా ఆయన తీసిన ప్లగ్గులను చూసుకుంట కూసున్నడు. మల్ల అడిగిన. "కాలిపోతది తియ్, బియ్యమే గదా" అన్నడు. "కాలకుండ ఆ వాల్వుల ఇరుక్కుంటే?" అంటే "ఇరుక్కుంటే ఇరుక్కోనీ. రేపు ఒక్కరోజు పోకుంటే ఏమైతది" అన్నడు. నన్ను ఊకుంచనీకి అంటున్నడనుకున్న. ఇంకింత కోపమొచ్చింది. "ఏమైతదో నీకు తెల్వదా? వానకాలం మర్చిపోయినవా?" అన్న. తల వంచుకొని, ఇగ ఉపాయం చెప్పిండు. ప్లగ్గులు లేకుండనే ఇంజన్ తిప్పితే లోపలి గాలి ఆ బొక్కల్ల నుంచి బయటికి కొడ్తదంట, ఏదన్న ఉంటే గాలితోటి ఎగిరొస్తదంట. రవ్వ పడకుండ కాయిల్ వైరు పీకి పక్కన పెట్టమన్నడు. మా అత్తను ఇంట్లకు పంపి, వాకిట్ల ఎక్కడన్న నిప్పుందా అని రెండు సార్లు చూసుకొని, ఇంజన్ మీద తెల్ల పంచె గుడ్డ కప్పి, కారుల కూసొని తాళం తిప్పిన.

ఇంజన్ దగ్గులు దగ్గినట్టు ఫుస్సు ఫుస్సుమని గాలి కొట్టింది. గుడ్డ పైకి లేసి లేసి పడ్డది. దిగి పోయి గుడ్డ తీసి ఎండల పెట్టి చూసిన. నల్లటి చుక్కలున్నయ్, పెట్రోలు మరకలున్నయ్. గింజ లేదు. లోపల లేక రాలేదా, లోపల ఉండి రాలేదా? మల్ల తిప్పిన. మల్ల చూసిన. లేదు. ఇంకొకసారి తిప్పుతనంటే "బ్యాటరీ దిగుతది, ఇగ చాలు" అన్నడు.

కొత్త ప్లగ్గులు పెట్టుడు ఇంకొక గండం. మెకానిక్ తమ్మికి ఫోన్ చేస్తే, "అక్కా, జర పైలంగ, వంకరగ తిప్పినవంటే థ్రెడ్ పోతది. థ్రెడ్ పోతే ఇగ ఇంజన్ హెడ్డే మార్చాలె" అన్నడు. థ్రెడ్ అంటే నాకు తెలిసింది దారమే. అది తెగితే అతుకుత, పదేండ్ల పిల్లప్పటి నుంచి అతుకుతున్న. ఈ ఇనుప థ్రెడ్డు, ప్లగ్గు కూసునే మరలు, పోతే అతుకు లేదంట. మా ఆయన చెప్పినట్టు పానా పక్కన పెట్టి ఉత్త వేళ్లతోటి ప్లగ్గును పట్టుకున్న. "ముందు ఉల్టా తిప్పు. ఒకకాడ టిక్కుమని కూసుంటది. అప్పుడు సీదా తిప్పు" అన్నడు. ఉల్టా తిప్పిన. వేళ్లకు తెలిసింది. ఆడ కూసున్నది. సీదా తిప్పితే వెన్నలెక్క పోయింది. ఇగ పానాతోటి జరంత బిగువు. ఎంత బిగించాలె అంటే "నీకు తెలుస్తది" అన్నడు. నిజంగనే తెలిసింది. పడుగు బిగువు చూసే చెయ్యి గదా. అయినా మూడోదానికి ఎందుకో బుగులైంది, ఊడొస్తదేమోనని ఇంకింత తిప్పిన.

వైర్లు పోగుల రంగు చూసి పెట్టిన, కాయిల్ వైరు పెట్టిన. తాళం తిప్పితే గుర్ గుర్ అన్నది గని అందుకోలే. రెండోసారి గూడ అందుకోలే. మూడోసారి ఒక్కసారిగ లేసి, ఎన్కనుంచి గుప్పుమని పొగ ఇడిసింది. మాడిన అన్నం వాసనొచ్చింది. నాకైతే వచ్చింది. ఇంట్ల నుంచి మా అత్త గూడ "ఏందే, పొయ్యి మీద అన్నం మాడుతుందా" అన్నది. మా ఆయన అది నూనె వాసన అన్నడు. ఇప్పటికీ అది తేలలే మా ఇంట్ల.

పొగ పోయినంక ఇంజన్ సన్నగ, సమంగ నడుస్తుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన దిక్కు చూసిన. ఆయన మంచం మీద తల పక్కకు పెట్టి కూసున్నడు.

"ఉంది" అన్నడు. "ఇంకా మిస్సింగ్ ఉంది."

మల్ల ఇన్న. నాకేం ఇనపడలే. నా చెవులకు ఏం తెలుస్తది, ఆయన చెవులు పెద్ద చెవులు. బండి తీసుకొని జూరాల రోడ్డు మీదికి పోయిన. మెల్లగ పోయిన, జోరుగ పోయిన, కావాలని గుంతలు చూసి పోయిన. ఒక్క ఎగురుడు లేదు. వచ్చి చెప్పిన. "ఖాళీ బండి గదా, తెల్వదు. తొవ్వల ఆగిపోతది. దవాఖానకు ఫోన్ చేసి చెప్పు, రేపు మేము రామని" అన్నడు.

ఆ మాటనే నా మనసుల పడ్డది. బండి మంచిగ లేకపోతే ఇంకేం చేద్దామని అడగాలె ఆయన. ఇంకొక బండి చూడమనాలె. లేదు. రామని చెప్పుమంటున్నడు.

పొద్దు వంగినంక మల్ల బండి దగ్గరికి పోయిన. బానెట్ లేపి, ఆయనకు కనబడకుండ, ఆకుపచ్చ పోగు కట్టిన వైరు పీకేసిన. ఇంజన్ స్టార్ట్ చేస్తే బండి మొత్తం మలేరియా జరమొచ్చినట్టు గడగడ వణికింది. బానెట్ పట్టుకుంటే నా మోచేతులదాక అదిరింది. ఏపచెట్టు మీది పిట్టలకు గూడ తెలిసుంటది ఆ మిస్సింగ్. "ఇప్పుడెట్లుంది?" అని అడిగిన.

మంచం మీద నుంచి తల తిప్పకుండనే అన్నడు. "గట్లనే ఉంది. మారలే."

నేను ఇంజన్ బంద్ చేసిన. వైరు దాని జాగల పెట్టి నొక్కిన. ఆయన చెవి పెట్టి ఇంటలేడు. బండి స్టార్ట్ అయినప్పటి నుంచి ఆ సప్పుడు ఇంటనే లేడు. ఇంజన్ బాగైందా లేదా ఆయనకు పట్టలేదు, ఆయన ఆ గింజలు పడ్డప్పుడే అనుకున్నడు రేపు పోవద్దని. ఎవరితోటైనా లొల్లి పెట్టుకునే నేను, పొద్దున అత్తను వాడకట్టు ఇనేటట్టు తిట్టిన నేను, ఆయన్ని ఒక్క మాట అనలేకపోయిన. బియ్యపు గింజకు భయపడ్డనా పొద్దున? అది భయమే కాదు.

ఫోన్ చెయ్యలే నేను. ఆయన గూడ చేసినవా అని అడగలే. అన్నం తిన్నం, పండుకున్నం.

బుధవారం తెల్లారంగనే లేసి నీళ్లు పోసుకొని, సంచి సదిరి, బండి స్టార్ట్ చేసి ఇడిసిపెట్టి లోపలికొచ్చిన. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకొని ఉన్నడు. మెలకువతోటే ఉన్నడని ఈపు చూస్తే తెలుస్తుంది.

"లే" అన్న.

"బండి మంచిగ లేదన్న గదా."

"నిన్న వైరు పీకి స్టార్ట్ చేసిన. గట్లనే ఉందన్నవ్."

బయట ఇంజన్ నడుస్తుంది. ఇగ గోడ దిక్కు చూసుకుంటనే అన్నడు. "యాష్టకొచ్చిందే. పోవుడు, సూదులు, రావుడు, పడుడు. మల్ల పోవుడు. ఒక్కనాడు పోకుంటే ఏమైతదో కానీ అనుకున్న. నీకు గూడ ఈ తిప్పలు తప్పుతయనుకున్న."

నేను మంచం మీద కూసున్న. తిట్టాలనుకున్న. తిట్టు రాలే. "నాకు తిప్పలు కావాలె" అన్న. "నేను కారు నేర్చుకుంది ఊరు తిరగనీకి కాదు. నువ్వు లేకుంటే నాకు బుగులైతది. గంతే. ఇంకేం లేదు నా దగ్గర చెప్పనీకి."

ఆయన ఇటు తిరిగిండు. నా ముఖం చూసిండు. ఆ చెయ్యి నా దిక్కు పెట్టిండు, ఎడమ చెయ్యి. అరచెయ్యి పెట్టి చూసిన. కొట్టుకుంటుంది. "నాకు గూడ బుగులైతుందే" అన్నడు. లేసి అంగీ ఏసుకున్నడు.

మా అత్త గడప కాడ నిలబడి ఉంది. చేతుల ఏం లేదు, ఉత్త చేతులే. రెండు చేతులు ఎన్కకు పెట్టుకొని మరీ నిలబడ్డది, నేను తిడ్తనని. నేనే తల వంచి దగ్గరికి పోయిన. నా నెత్తి మీద ఉత్త చెయ్యి పెట్టింది.

ఎర్రవల్లి చౌరస్తా దాటినం. బ్రిడ్జి వచ్చింది. బండి వణకలే. ఆయన సీటు ఎన్కకు వంచుకోలే, సక్కగ కూసొని తల పక్కకు పెట్టి ఇంటున్నడు. ఈసారి నిజంగనే ఇంటున్నడు.

"మూడోది బిగువు ఎక్కువ చేసినవ్ నిన్న. నేను చూసిన" అన్నడు. "మల్ల మార్చేటప్పుడు అంత తిప్పకు."

నేను రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండనే అడిగిన. "మల్ల ఎప్పుడు మార్చాలె?"

"ఇవి కొత్తయి గదా. రెండేండ్లు వస్తయ్."

"అయితే రెండేండ్లకు నువ్వే పక్కన కూసొని చెప్పాలె. నాకు బిగువు తెల్వదు."

ఆయన నది దిక్కు చూసిండు. బ్రిడ్జి అయిపోయినంక, "చెప్త తియ్" అన్నడు.

పెబ్బేరుల ఛాయ్ తాగుదామన్నడు. నీకు సగం గ్లాసే అన్న.